నేను ఎత్తని చెయ్యి

పోయిన మంగళవారం పోస్టులో వచ్చిన లావుపాటి కవరును ఏదో ఆఫీసు తాఖీదనుకుని పక్కన పడేశాను. ఈ జర్మనీలో యాభై ఏళ్లు కాపురం చేసినవాడెవడైనా పోస్టుపెట్టె తెరిచేముందు ఒక్క క్షణం దేవుణ్ణి తలచుకుంటాడని నా ఈడువారికి వేరే చెప్పాలా! సాయంత్రం కాఫీ తాగుతూ విప్పితే అది నేను చదువుకున్న ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చింది. అక్కడి పాత ఆటల హాలు పడగొట్టి కొత్తది కడుతున్నారట, ఆ సందర్భంగా మగవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు చరిత్రను చిన్న పుస్తకంగా అచ్చు వేస్తున్నారట, పాత ఆటగాళ్లు తమ కాలం నాటి పేజీ చూసి తప్పులుంటే వారం లోపల చెప్పాలట. మా పేజీలో నాలుగే పేరాలు. మూడోది మా బావ గురించి, నాలుగోది నా గురించి.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. కాకినాడ నుంచి ఇద్దరం కలిసే వచ్చాం, స్టుట్‌గార్ట్‌కు రైల్లో గంట దూరంలో ఉన్న ఆ చిన్న ఊరికి. అప్పట్లో ఆ ఊళ్లో హ్యాండ్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవారు. బాస్కెట్‌బాల్‌కు పదిమంది దొరకడమే గగనం. అందుకే మా లెక్కల మేష్టారు, కోచ్ కూడా ఆయనే, మమ్మల్ని చూసీ చూడగానే జట్టులోకి లాగేశారు. చొక్కాల మీద నంబర్లు హాస్టల్ కాపలాదారు భార్య కుట్టిపెట్టేది. హాల్లో ఒక బుట్ట కాస్త వంగి ఉండేది; ఆ సంగతి మాకు తెలుసు, బయటినుంచి వచ్చిన జట్లకు తెలియదు. మా గెలుపుల్లో సగం దాని చలవేనని పుస్తకంలో రాయలేదు గానీ, అది పచ్చి నిజం.

నేను బలంతో ఆడేవాణ్ణి, బావ బుర్రతో ఆడేవాడు. కాకినాడ మట్టి కోర్టులో ఉత్తకాళ్లతో నేర్చిన ఆట అతనిది. పోలికకు వస్తే అతను నాకంటే జానెడు పొడుగు, ముఖం కూడా వేరు. అయినా ఆ ఊరివాళ్లకు మేమిద్దరం ఒకటే. బేకరీ ఆవిడ పొద్దున్న అతనితో మొదలుపెట్టిన మాటను సాయంత్రం నాతో పూర్తిచేసేది. మేమూ నవ్వుకునేవాళ్లం.

ఇప్పటి ఆటలో లేని నియమం ఒకటి అప్పుడుండేది. రిఫరీ ఈల వేయగానే ఫౌల్ చేసినవాడు తనంతట తానే చెయ్యి పైకెత్తి, స్కోరు రాసేవాళ్ల బల్లవైపు తిరిగి నిలబడాలి. ఐదు ఫౌళ్లయితే ఇక ఆ మ్యాచిలో ఆట లేదు.

ఆ ఏడు చివరి మ్యాచి గెలిస్తే మా జట్టు పై తరగతి లీగుకు వెళ్తుంది, కాలేజీ పుట్టాక అదే మొదటిసారి. రెండు నిమిషాలుందనగా ఒక్క పాయింటు ముందున్నాం. అవతలి కుర్రాడు బుట్టకేసి ఎగిరాడు, నేను వెనకనుంచి తోశాను. పక్కనున్న బావ వాణ్ణి తాకనైనా లేదు. కుర్రాడు మణికట్టు మీద పడ్డాడు, ఎముక విరిగింది. రిఫరీకి మా వీపులే కనిపించాయి కాబోలు, ఈల వేసి ఇద్దరి వంకా చూశాడు. ఇంకోసారి మోటుగా ఆడితే జట్టులో ఉండవని లెక్కల మేష్టారు అంతకు వారం ముందే నన్ను హెచ్చరించారు. ఆ మాట బావకూ తెలుసు. నా చెయ్యి లేవలేదు. మూడు లెక్కపెట్టేంతసేపు చూసి బావ చెయ్యెత్తాడు. అది అతని ఐదో ఫౌలు.

మ్యాచి ఓడిపోయాం. వచ్చే ఏడు జట్టులో చోటు లేదని మేష్టారు బావతో చెప్పేశారు, అతను ఎదురు మాట్లాడలేదు. బూట్లు హాస్టల్ నేలమాళిగలో పెట్టినవాడు మళ్లీ బంతి ముట్టలేదు. నేను ఇంకో రెండేళ్లు ఆడాను, కెప్టెన్నీ అయ్యాను. ఇప్పుడా పుస్తకంలో మూడో పేరా అతని మోటుతనం వల్ల జట్టుకు గెలుపు చేజారిందంటుంది. నాలుగో పేరా నన్ను క్రమశిక్షణకు మారుపేరంటుంది. చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో కూతురింట్లో ఉంటున్న బావకు ఫోను చేశాను. మనవరాలు ఎత్తి, తాతగారు వస్తున్నారని జర్మన్‌లో చెప్పింది. ఇన్నేళ్లలో ఎన్ని పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచేసినా ఎత్తని మాటను, ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"చెయ్యెత్తింది నేనే కదరా, దానికి నాకు బాధ లేదు. గదికొచ్చి నువ్వే చెప్తావనుకున్నాను. ఓ వారం చూశాను," అన్నాడు.

తర్వాత మా ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు. ఏదో చెప్పాను, ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆ ఫౌలు నాదని అదే రోజు కాలేజీకి రాశాను. మర్యాదగా జవాబిచ్చారు: రిఫరీ సంతకం చేసిన స్కోరు పత్రాన్ని ఇన్నేళ్ల తర్వాత మార్చలేరట, నా జ్ఞాపకానికి మాత్రం ధన్యవాదాలట. పుస్తకం అలాగే వస్తుంది. అందుకే కనీసం ఇక్కడైనా రాస్తున్నాను.

ఇప్పుడు పెద్ద పెద్ద మ్యాచుల్లో నాలుగు వైపులా కెమెరాలు, అనుమానమొస్తే వెనక్కి తిప్పి చూసుకుంటున్నారు. చెయ్యెత్తే నియమమే లేదు. మంచిదే, నాలాంటివాడు తప్పించుకోలేడు. మా రోజుల్లో తప్పెవరిదో చెప్పడం మనిషికే వదిలేసేవారు. రిఫరీ నాకిచ్చింది మూడు క్షణాలు, ఈల చప్పుడులో భయపడ్డానని దానికి ఎలాగో సర్దిచెప్పుకున్నాను. బావ మాత్రం వారం రోజులు ఇచ్చాడు.