గిరగిర కోసం మూడు అర్జీలు

ఆయన్ని ఆ చుట్టుపక్కల అందరూ లిఫ్టాయన అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఒకే కంపెనీలో లిఫ్టు మెకానిక్కు. పనివాడిగా ఆయనకున్న పేరు ఒక ఎత్తు, మాటకారిగా ఉన్న పేరు ఇంకో ఎత్తు. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి లోపలివాళ్లు కేకలు పెడుతుంటే తలుపుకు నోరు ఆనించి, "నేనిక్కడే ఉన్నానండీ, ఎక్కడికీ పోను. ముందు మీరు పొద్దున్న ఏం తిన్నారో చెప్పండి," అని మొదలుపెట్టేవాడు. వాళ్లు తిన్నవన్నీ చెప్పడం పూర్తయ్యేలోపు తలుపు తెరుచుకునేది.

అంతటి మాటకారికి కన్నకూతురి దగ్గర మాత్రం మాటలు చెల్లేవి కావు. ఐదేళ్లు నిండాయి పిల్లకి. నట్టింట్లో బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది కనుక అమ్మమ్మ గిరగిర అని ముద్దుపేరు పెట్టింది, ఇంట్లో అదే ఖాయమైపోయింది. మేజోళ్లు తొడిగితే వాటి కుట్లు ముళ్లలా గుచ్చుకున్నట్టు ఏడ్చేది. మిక్సీ వేస్తే బల్ల కింద దూరి చెవులు మూసుకునేది. చెంచా ఇస్తే రెండు క్షణాల్లో కిందపడేసేది. మాటలు మూడో నాలుగో. వాటిలో ఒకటి "టింగ్". నాన్న లిఫ్టు వచ్చి ఆగినప్పుడు చేసే చప్పుడది.

పిల్లల డాక్టరు రెండు మూడుసార్లు చూసి, ఆటిజం అని చెప్పి, చీటీ మీద 'ఆక్యుపేషనల్ థెరపీ' అని రాశాడు. లిఫ్టాయన ఆ చీటీని అటూ ఇటూ తిప్పాడు.

"ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా సార్? దీనికింకా పాలపళ్లయినా ఊడలేదు, అప్పుడే ఉద్యోగమేంటి?"

డాక్టరు నవ్వేశాడు. "చిన్నపిల్లల ఉద్యోగం ఆడుకోవడం, చెంచా పట్టుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం. వాటికి ఒళ్లు సహకరించేలా సాధన చేయిస్తారు."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్తే అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "ఆడించడానికి డబ్బులిస్తారా బాబూ? ఈ ముక్క ముందే తెలిస్తే బాగుండేది. నలుగురు పిల్లల్ని ఊరికే ఆడించి పారేశాను!"

భార్య నవ్వలేదు. కళ్లజోళ్ల దుకాణంలో కౌంటరు చూస్తుంది ఆవిడ, ఏదైనా చేతికొస్తే చివరి అక్షరం దాకా చదవందే వదలదు. చీటీ తీసుకుని రెండుసార్లు చదివి, "ఎక్కడ దొరుకుతుందో వెతుకుదాం పదండి," అంది.

వెతకడమంటే మాటలు కాదని వారం తిరిగేసరికి తెలిసొచ్చింది. సర్వీసు రిజిస్టరు వెనకపేజీలో పదకొండు ఫోను నంబర్లు రాసుకున్నాడు. నాలుగు చోట్ల ఎత్తనే లేదు. ఐదు చోట్ల ఎనిమిది నెలలు ఆగమన్నారు. ఒకావిడ మరీ మర్యాదగా, "పిల్లలకు కాదండీ, మేం పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకే చేస్తాం," అని పావుగంట క్షమాపణలు చెప్పింది. పదకొండోది అద్దాల గదులున్న పెద్ద ఆఫీసు. అక్కడ కూర్చున్న సూటాయన, "ఆరు నెలల్లో మామూలు పిల్లని చేసి మీ చేతిలో పెడతాం, గ్యారంటీ. మొత్తం ఫీజు ముందే కట్టాలి," అన్నాడు. గోడమీది టీవీ చెవులు చిల్లులుపడేలా మోగుతోంది. గిరగిర చెవులు మూసుకుని నేలమీద ముడుచుకుపోయింది. టీవీ తగ్గించాలన్న ధ్యాస సూటాయనకు రాలేదు.

లిఫ్టాయన పిల్లని ఎత్తుకున్నాడు. "ఇనుముకే నేను గ్యారంటీ ఇవ్వను సార్. పిల్లకి మీరెలా ఇస్తున్నారు?" అని బయటికొచ్చేశాడు.

దొరకాల్సింది మాత్రం పనిలోనే దొరికింది. ఒక పాత నాలుగంతస్తుల భవనంలో లిఫ్టు మూలుగుతోందని పిలిస్తే వెళ్లాడు. మూడో అంతస్తులో తలుపు పట్టాలు తుడుస్తుంటే, 'ఆక్యుపేషనల్ థెరపీ' అని బోర్డున్న ఎదురుగదిలోంచి పిల్లల నవ్వులు వినిపించాయి. తొంగిచూశాడు. నేలంతా మెత్తటి పరుపులు, ఒక తొట్టి నిండా ఎండుబఠాణీలు, పైకప్పు నుంచి గుడ్డ ఊయల. మోకాళ్ల దగ్గర మాసిపోయిన ప్యాంటుతో ఒకావిడ ఒక పిల్లాణ్ణి ఊయలలో చుట్టి ఊపుతూ అంకెలు లెక్కపెడుతోంది. లైట్లు సగమే వెలుగుతున్నాయి. టీవీ అన్నది లేదు.

ఊయల ఆగేదాకా గుమ్మంలో నిలబడి, ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఆ కొక్కెం ఎవరు బిగించారు మేడమ్?"

"ఏం, బాగాలేదా?"

"ఒకే బోల్టు మీదుంది. సాయంత్రం వచ్చి నాలుగు వేస్తాను. డబ్బులొద్దు. మాకో పాప ఉంది, దాని సంగతి చెప్పాలి మీకు."

ఆ వారమే ఒక కుటుంబం ఊరు మారడంతో ఒక చోటు ఖాళీ అయిందట. మొదటిరోజు గిరగిర ఊయల ఎక్కలేదు సరికదా థెరపిస్టు మణికట్టు కొరికింది. రెండోరోజు బఠాణీల తొట్టిలో కాళ్లు పెట్టి గంటంతా కదల్లేదు. మూడోరోజు ఊయలెక్కింది, మరి దిగనని మొండికేసింది. లిఫ్టాయన చాటుగా అడిగాడు, "పూర్తిగా బాగవుతుందా మేడమ్?"

"తను చెడిపోలేదుగా, బాగవడానికి," అంది థెరపిస్టు. "తన ఒంటికి ఏది ఎక్కువవుతోందో, ఏది చాలట్లేదో మనం కనిపెట్టాలి. మిగతాది తనే నేర్చుకుంటుంది. టైము పడుతుంది."

ఆ మాటతో ఆయనకు ఎందుకో గుండెల్లోంచి బరువు దిగినట్టయింది.

కానీ వారానికి రెండుసార్లంటే ఆయన జీతంలో మూడోవంతు కరిగిపోతుంది. కంపెనీ ఆరోగ్య బీమా ఉంది కదా అని మొదటి అర్జీ అక్కడ పెట్టాడు. మూడు వారాలకు ఒక్కవాక్యం జవాబొచ్చింది: ఇది వైద్యం కాదు, విద్యకు సంబంధించినది. సరే కదా అని రెండోది విద్యాశాఖ ఆఫీసులో పెట్టాడు. అక్కడ ఇంకా తొందరగా పని జరిగింది, తొమ్మిదో రోజే జవాబు: ఇది విద్య కాదు, వైద్యానికి సంబంధించినది.

అత్తగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టించుకుని చదివించుకుంది. "బాగుంది వరస! నీదంటే నీదని బంతాట ఆడుతున్నారు. రెండూ కలిపి కుట్టి వాళ్ల మొహానే పెట్టండి. ఎవరో ఒకరు సిగ్గుపడకపోరు."

భార్య అప్పటికే బీమా పుస్తకం ముందేసుకుని కూర్చుంది. చీమతలకాయంత అక్షరాలు, అరవై పేజీలు. ఆదివారం పొద్దున మొదలుపెట్టి, టీ రెండుసార్లు చల్లారిపోయాక, ముప్పై ఒకటో పేజీ దగ్గర, "ఏవండీ, దొరికింది!" అని కేకేసింది.

మూడో అర్జీ పట్టుకుని ఇద్దరూ కలిసే బీమావాళ్ల హెడ్డాఫీసుకు వెళ్లారు. థెరపిస్టు రాసిచ్చిన నివేదిక, రెండు తిరస్కారాలూ జతచేశారు. బీమా అధికారి కళ్లజోడు సర్దుకుని భార్య వేలుపెట్టిన చోట చదివాడు: చేతుల పనితనం, శరీర సమతూకం మెరుగుపరిచే చికిత్స, ఏడాదికి నలభైసార్లు.

"ఇది ఎముకలు విరిగినవాళ్లకమ్మా," అన్నాడాయన.

"విరిగినవాళ్లకే అని ఎక్కడుందో చూపించండి సార్."

ఆయన మళ్లీ చదివాడు. పేజీ తిప్పి చదివాడు. వెనక్కి తిప్పి చదివాడు. "ఇన్నేళ్లలో ఈ పేజీ దాకా ఎవరూ రాలేదమ్మా," అన్నాడు చివరికి.

"చిన్న అక్షరాలు చదివించడమే నా ఉద్యోగం సార్. మీ కళ్లజోడు పవరు కూడా మారిందనుకుంటా, ఒకసారి మా దుకాణానికి రండి."

లిఫ్టాయన జీవితంలో మొదటిసారి నోరు విప్పకుండా కూర్చున్నాడు. అధికారి నవ్వాపుకుంటూ ముద్ర వేశాడు.

నలభైసార్లంటే వారానికోసారికి కూడా పన్నెండు తక్కువ. ఆ పన్నెండూ వాళ్లే పెట్టుకున్నారు. వారంలో రెండోసారి సాధన ఇంట్లోనే, అత్తగారి చేతిమీదుగా. థెరపిస్టు నేర్పింది నేర్పినట్టు చేయించేది ఆవిడ: దుప్పటిలో చుట్టి దొర్లించడం, తడిబట్ట పిండించడం, గోడను నెట్టించడం. "ఏమ్మా, గోడ జరిగిందా?" అని అమ్మమ్మ అడిగితే గిరగిర పకపకా నవ్వి ఇంకాస్త గట్టిగా నెట్టేది. మేజోళ్లు తిరగేసి తొడిగితే కుట్లు గుచ్చుకోవని కనిపెట్టింది కూడా అత్తగారే. అది తన సొంత బుర్రలోంచి వచ్చిందని థెరపిస్టు దగ్గర నాలుగుసార్లు చెప్పింది.

ఏడాది తిరిగేసరికి పిల్ల చెంచాతో తింటోంది, సగం నోట్లోకి, సగం గౌనుమీదకి. ఒంటిపూట బడికి వెళ్తోంది. మిక్సీ వేసేముందు చెప్తే తనే పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. గిరగిరా తిరగడం మాత్రం మానలేదు, మానమని ఎవరూ అడగలేదు కూడా. ఇక కళ్లజోళ్ల దుకాణానికి బీమా పుస్తకాలు పట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. యజమాని మొదట మొహం ముడుచుకున్నాడు గానీ, వచ్చినవాళ్లలో సగంమంది కళ్లజోడు కూడా చేయించుకుని వెళ్తుండేసరికి కౌంటరు పక్కన రెండు కుర్చీలు వేయించాడు.

మొన్న ఆదివారం ఇంకో విశేషం జరిగింది. అన్నాళ్లూ గిరగిర నిద్రపోతున్నప్పుడే జుట్టు కత్తిరించేవారు. ఆ రోజు లిఫ్టాయన పిల్లని తీసుకుని క్షురకుడి దుకాణానికి వెళ్లాడు. తిరిగే కుర్చీ చూడగానే పిల్ల తనంతట తనే ఎక్కి కూర్చుంది. ముందు నాలుగు చుట్లు తిప్పించుకుంది. కత్తెర చెవిపక్కకు రాగానే భుజాలు బిగించింది గానీ దిగలేదు. చక్‌, చక్‌ అని ఎడమవైపు పూర్తయింది. అప్పుడు చెయ్యెత్తి, స్పష్టంగా, "చాలు," అంది.

లిఫ్టాయన గబుక్కున కుర్చీ దగ్గరికొచ్చాడు. ఆ మాట ఆయన ఆ పిల్ల నోట అంతకుముందు వినలేదు.

"రెండోవైపో?" అన్నాడు క్షురకుడు కత్తెర గాల్లో ఆపి.

"చాలంది కదండీ," అన్నాడు లిఫ్టాయన, డబ్బులు పూర్తిగా ఇచ్చేస్తూ.

ఒకవైపు చెవిదాకా, ఇంకోవైపు భుజందాకా ఉన్న జుట్టుతో పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని వీధంతా గంతులేస్తూ ఇల్లు చేరింది. గుమ్మంలో అమ్మమ్మ ఎగాదిగా చూసింది.

"అందంగా ఉంది," అంది. "రెండోవైపు దానికి ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు."