చిమచిమను వెతికిన మనిషి

మా చెల్లెలి కూతురు గత ఆదివారం పొద్దున మార్కాపురంలో చనిపోయింది. చర్చిలో ఆరాధన మొదలయ్యే వేళకు ఆమె తండ్రి, మా బావ, ఫోన్ చేశాడు. "పోయింది బావా" అన్నాడు. ఆమె గుండె కవాటం ఒకటి చిన్నప్పటి నుంచి సరిగా మూసుకునేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇది చదివేవాళ్లలో ఆమెను చూసినవాళ్లు తక్కువ. ఆమె గొంతు విన్నవాళ్లు మాత్రం వెలిగండ్ల, పొదిలి, చంద్రశేఖరపురం వైపు పొలాల్లో ఉన్నారు. ముక్కూ మొహం తెలియకపోయినా ఫోన్ చేసి "ఆ డబ్బా ముట్టుకోవద్దు" అని చెప్పిన అమ్మాయి ఆమే. ఎందుకు చెప్పిందో రాయాలి.

బోరు మోటార్లకు బిగించే స్టార్టర్ డబ్బాల కంపెనీలో ఆమెకు ఉద్యోగం. ఇంట్లో కూర్చుని ఫోన్‌తోనే మోటారు ఆడించుకునే డబ్బాలవి. సిగ్నల్ లేకపోతే మాత్రం వెళ్లి బటన్ నొక్కాలి. మన వైపు పొలాల్లో సిగ్నల్ ఉండేదే తక్కువ. ఏదైనా తేడా వస్తే రైతు కంపెనీకి ఫోన్ చేస్తాడు. ఎక్కడో నగరంలో ఫోన్ ఎత్తినవాళ్లు అతను చెప్పింది ఇంగ్లీషులో రాసుకుని దానికో నంబరు వేస్తారు. దాన్ని టికెట్ అంటారు. అలా పోగుపడిన టికెట్లను వెతికి, ఏ డబ్బాలో ఏ లోపం ఎక్కువగా వస్తోందో చెప్పడం ఆమె పని.

"టికెట్లు వెతికేదానికి జీతమిస్తారా! బస్సులోళ్లు చించి పారేస్తాంటే నేనే ఏరుకొచ్చి ఇస్తాంటినే" అని మా బావ ఎగతాళి చేసేవాడు.

వెతికే పద్ధతిని ఏపీఐ అంటారని చెప్పింది. అదేమిటని నేను అడిగితే, "కౌంటర్ దగ్గర నిలబడితే వాళ్లు చూపించిందే చూస్తాం మామా. ఇది నేరుగా లోపలి గది తలుపు. నా ప్రోగ్రాం పోయి ఫలానా మాట ఉన్న టికెట్లన్నీ ఇయ్యి అంటాది, ఉన్నయ్యన్నీ ఇస్తాది" అంది. మళ్లీ తనే, "అయితే అడిగిన మాటకే ఇస్తాది. అడగంది ఇయ్యదు" అంది.

ఆమెకో అలవాటు ఉండేది. టికెట్‌ను కళ్లతో చదివేది కాదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన మాటల్లోకి తిప్పుకుని, ఆ రైతు ఎట్లా చెప్పి ఉంటాడో అట్లా పైకి అనుకునేది. ముసలాయన అయితే దగ్గు కూడా కలిపేది. పక్కన టీ చల్లారిపోయేది. మెట్లెక్కితే ఆయాసం, కుర్చీలో మాత్రం అలుపు లేదు.

వానలు మొదలైన రోజులు. ఆ మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే అన్నం తింటున్నాను. మా బావ వెలిగండ్ల దగ్గరి చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "మీ కంపెనీ డబ్బాకు చెయ్యి తగిలితే చిమచిమ అంటాందే" అన్నాడు.

"కంపెనీకి చెప్పినావా నాయనా?"

"చెప్పినా. గుడ్డతో తుడుచుకోమనిరి."

ఆమె అన్నం వదిలేసి లేచింది. కంప్యూటర్ ముందు కూర్చుని తండ్రి ఫోన్ నంబరుతో వెతికింది. టికెట్ దొరికింది. చదివి పెద్దగా నవ్వింది. "మామా, చూడు. డబ్బాలో చీమలు. శుభ్రం చేసుకోమని చెప్పాం. సమస్య పరిష్కారమైంది. మూసివేత."

మా బావ చిమచిమ అన్నాడు. ఫోన్ ఎత్తిన మనిషి చీమ చీమ అని విన్నాడు. నేనూ నవ్వాను. మా బావ అయితే "చీమలకు కూడా ఫోన్ చేస్తానా, నేనేమన్నా పిచ్చోడినా" అని తిట్టాడు. ఒళ్లు సన్నగా జలదరించేట్టు కరెంటు తగలడాన్ని ఇక్కడ చిమచిమ అంటారు. పడగొట్టేంత తగిలితేనే షాక్ అంటారు. షాక్ అనేదాకా వస్తే ఫోన్ చేసే మనిషి మిగలకపోవచ్చు.

నవ్వు ఆగాక ఆమె మళ్లీ వెతికింది. ఈసారి తండ్రి నంబరుతో కాదు. చీమలు అన్న మాటతో. గిద్దలూరు, పొదిలి, చంద్రశేఖరపురం, మళ్లీ వెలిగండ్ల. తెర కిందికి జరుగుతూనే ఉంది. అన్నీ మూసేసినవే. కంపెనీ అమ్మే మిగతా ఊళ్లలో చీమల ఫిర్యాదు దాదాపు లేదు.

"ఇక్కడి చీమలే అన్ని డబ్బాల్లో దూరతాయా మామా?" అంది.

ఆ సాయంత్రమే తండ్రి డబ్బాకు కరెంటు తీయించి, ఎలక్ట్రీషియన్‌తో విప్పించింది. ఎర్తు వైరు బిగించాల్సిన చోట ఖాళీగా ఉంది. గాలిలో తేమ పెరిగితే కరెంటు ఇనప మూత మీదికి వస్తోంది. ఇంకో చేలో విప్పించినా అంతే.

పై అధికారికి రాసింది. షాక్ అన్న పేరు కింద ఒక్క ఫిర్యాదూ లేదని, చీమలని కస్టమరే చెప్పాడని జవాబు వచ్చింది. ఆ ఫోన్ల రికార్డింగులు వినమని అడిగింది. పాతవి చెరిపేశామన్నారు. నేను మా పేపర్లో వార్త రాశాను. కంపెనీ వివరణ కూడా వేయాలి, వేశాను. "షాక్ గురించి మాకు ఎటువంటి ఫిర్యాదూ అందలేదు." ఆ వాక్యంలో అబద్ధం లేదు. ముప్పై ఏళ్లుగా వివరణలు రాసుకుంటున్నాను. నిజమైన వాక్యానికి అంతగా భయపడింది అప్పుడే.

"టికెట్ మూసినారంటే రోగం పోయినట్టు కాదు మామా, ఫోన్ పెట్టేసినట్టు" అనేది. ఆ తర్వాత ఆమే ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. పని ముగిశాక సాయంత్రాలు, ఆ టికెట్లలోని నంబర్లకు. అది కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుందని నేను అన్నాను. ఆమె చేత్తో ఉండమని సైగ చేసి, స్పీకర్ పెట్టింది. అవతల చంద్రశేఖరపురం వైపు పెద్దాయన.

"అమ్మీ, నువ్వు కంపెనీ దానివా, కరెంటాఫీసు దానివా?"

"ఎవరి దాన్నయితే ఏంది పెద్దనాయనా. నీ డబ్బాలో చీమల్లేవు. అది కరెంటు. ఎర్తు వైరు వేయించేదాకా దగ్గరికి పోవద్దు."

"పోకుంటే నీళ్లెట్ల వస్తాయి? నీ ఫోనుకు దండం పెడితే వస్తాయా?"

"దండం వద్దులే, ఎలక్ట్రీషియన్‌ను పిలువు. రేపు మళ్ల చేస్తా. చేయించలేదనుకో, మీ ఇంటామెతో మాట్లాడతా."

"దాంతో వద్దు తల్లీ, చేయిస్తా" అని ఆయన పెట్టేశాడు. ఆమె పడీపడీ నవ్వింది. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఇంకో నంబరు నొక్కింది.

కొద్ది రోజులకే ఆమె ప్రోగ్రాంకు లోపలి తలుపు మూసేశారు. ఏ మాట అడిగినా, అనుమతి లేదన్న ఒకే జవాబు. అప్పటికి ఇంకా చాలామందికి ఫోన్ చేయలేదు. అదే వారం కంపెనీ నుంచి డబ్బా కొన్నవాళ్లందరికీ ఒక మెసేజి వచ్చింది. మా బావ ఫోన్‌కూ వచ్చింది. "మీ స్టార్టర్ డబ్బాలో చీమలు చేరకుండా జాగ్రత్త పడండి." ఆమె దాన్ని రెండుసార్లు పైకి చదివింది. పై అధికారికి ఆమె రాసిన హెచ్చరికలో వాళ్లు తీసుకున్నది చీమలు అన్న ఆ ఒక్క మాట. తర్వాత ఆమె మంచం దిగింది తక్కువ.

సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. "ఫోన్ చేసే అమ్మి ఈ బిడ్డేనంట కదా" అన్నాడు. గొంతు గుర్తుపట్టాను, ఆ రోజు స్పీకర్‌లో విన్న చంద్రశేఖరపురం పెద్దాయన. తన డబ్బాకు వైరు వేయించాడట. "నా పక్క చేనోడు ఇనడు సారూ. కంపెనీ మాటే ఇంటాడు. మీరు పేపరోళ్లు, వచ్చి ఒక మాట చెప్పండి."

మంగళవారం వెళ్లాను. పక్క చేలో మనిషి లేడు. పెద్దాయన ఫోన్ కలిపి నాకిచ్చాడు. అవతలి మనిషి పొదిలి బజారులో ఉన్నాడు. డబ్బా ముట్టుకోవద్దని, అది కరెంటని చెప్పాను.

"చీమలే సారూ, కంపెనీయే మెసేజి పెట్టింది. మందు చల్లినా చిమచిమ తగ్గలా. ఇంకో ప్యాకెట్ తీసుకుంటాండా, వచ్చి చల్లుతా."

పెద్దాయన ఫోన్ లాక్కుని తిట్టడం మొదలుపెట్టాడు. సిగ్నల్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు. ఆ మనిషి వచ్చేదాకా కదలనని పెద్దాయన గట్టు మీద కూర్చున్నాడు. నేనూ ఆయన పక్కన కూర్చున్నాను.

డబ్బా బిగించిన, నేలలో నిలువుగా పాతిన రాతి కూసం చుట్టూ తెల్లటి మందుపొడి గుండ్రంగా చల్లి ఉంది. వానకు తడిసి ముద్దయింది. దాని మీద వట్టికాళ్ల గుర్తులు, డబ్బా వైపు వెళ్లినవి, తిరిగి వచ్చినవి. డబ్బా మీద, కరెంటు ఉందన్నట్టు, ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ తెల్లటి పొడిలో, కూసం మీద, డబ్బా అంచుల్లో, మేం కూర్చున్నంతసేపూ వెతికాను. ఒక్క చీమ కూడా లేదు.