ఎర్రదారం కట్టిన వరి

సుల్తానాబాద్ పక్క ఊళ్లలో విత్తన వరి పండించేవాళ్లు ఎందరున్నా యాదవ్వ చూపు ఎవరికీ లేదు. మడిలో వేరే రకం మొక్క ఒక్కటున్నా గట్టు మీద నుంచే గుర్తుపట్టి పీకేసేది. పద్దెనిమిదేళ్ల కింద ఒకదాన్ని మాత్రం పీకలేదు. గాలివానకు మడంతా పడిపోతే అదొక్కటే నిలబడింది. దానికి ఎర్రదారం కట్టి, విత్తనాల కంపెనీ యజమాని సదానందానికి చూపించింది. ఆ కంపెనీకి పేరు తెచ్చిన సంకర వరికి మగ రకం దాన్నుంచే వచ్చింది.

సదానందం ఆమెకు శాలువా కప్పాడు. ఏటా పంద్రాగస్టు నాడు జెండా కింద నిలబడి, "విత్తనం పరాయోని చేతులవడితే రైతు బానిసే" అనేవాడు. నిరుడు ఆయనే కంపెనీని విదేశీ సంస్థకు అమ్మేశాడు. దాంతోపాటు యాదవ్వ వరిని కూడా. ఆమెకు ఒక్కమాటైనా చెప్పలేదు. ఆ కంపెనీలో మొలక పరీక్షలు చేసే నాకు ముందే తెలుసు. మా పాపకు ఏడాదిన్నర, ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. నేనూ చెప్పలేదు.

విత్తన మడిలో పుప్పొడి కోసం వేసే మగ వరుసలు ముందు కోస్తారు. ఆ తొలి కంకులను కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం గుమ్మానికి కట్టడం యాదవ్వ అలవాటు. ఈసారీ కట్టింది. మగ గింజ ఒక్కటీ ఇంట్లో ఉండకూడదని కొత్త ఒప్పందంలో ఇంగ్లీషులో ఉంది. ఆమెకు చదివి చెప్పినవాళ్లు లేరు.

పంట చూడటానికి నాతో వచ్చిన కొత్త మేనేజర్ కరుణాకర్ ఆ కుచ్చును ఫోటో తీశాడు.

"ఇది కంపెనీ సొత్తమ్మా. సంతకం పెట్టినవ్ గదా."

"పిచ్చుకలకు కట్టిన సారూ. వాటితోని గూడ సంతకం పెట్టించుకోకపోతిరి."

ఆయన నవ్వలేదు. నావైపు తిరిగాడు. "మగ రకమేనా ఇది?"

"చూసి చెప్పలేం సార్. మామూలు వడ్లు గావచ్చు."

యాదవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "నా కోసం అబద్ధమాడకు బిడ్డా. నేను దారం కట్టినదాన్ని మామూలు వడ్లంటవా? నాదే సారూ గది."

"అయితే నీ పంట కంపెనీ తీసుకోదు."

పూత పూసినన్నాళ్లూ ఎండలో తాడు లాగి పుప్పొడి రాల్చిన రెండెకరాలు. ఇక మామూలు వడ్ల ధరకే మిల్లుకు పోవాల్సిందే.

యాదవ్వ కుచ్చు దించింది. గింజలన్నీ దూసి వాకిట్లో విసిరికొట్టింది. కోళ్లు ఉరికొచ్చాయి.

"ఏరుకోర్రి. కంపెనీ సొత్తంటిరి గదా, ఒక్క గింజ గూడ ఇడవకుర్రి. మీ సదానందం కప్పిన శాలువ ఇంట్లనే ఉన్నది, అండ్ల మూటగట్టుకపోర్రి."

కరుణాకర్ నన్ను చూసి, కింది గింజల వైపు చెయ్యి చూపాడు. నేను వంగాను. గింజ కోసం చెయ్యి చాపితే కోడి పొడిచింది. ఏరుతూనే ఉన్నాను.