నేను వదిలిన తాడు

మా బంధువుల్లో ఒక కథ స్థిరపడిపోయింది. ఉదయగిరి కొండ మీద మా అమ్మాయి మొండిగా ఎక్కి జారిపడిందనీ, కింద తాడు పట్టుకున్న నేను అరచెయ్యి కాలినా వదలకుండా దాన్ని బతికించుకున్నాననీ. పెళ్ళిళ్ళలో కొత్తగా కలిసినవాళ్ళు కూడా నా చెయ్యి తిప్పి ఆ మచ్చ చూస్తారు. నా భార్య ఈ కథ చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది. జరిగింది అది కాదు. జరిగింది ఇదీ.

ఆత్మకూరులో మాది బోరు మోటార్ల అంగడి, మా నాయన పెట్టింది. ఇంటర్ అయ్యాక మా అమ్మాయి భూగర్భశాస్త్రం చదువుతానంది. రాళ్ళ గురించి చదివి ఏం చేస్తావని నెల్లూరులో బీకామ్‌లో చేర్పించాను. అప్పటినుంచి నాతో మాటలు తగ్గించేసింది. సెలవులకు ఇంటికి వచ్చినా, "అమ్మా, నాన్నకు చెప్పు" అనేది. నేను ఎదురుగానే ఉండేవాణ్ణి.

కాలేజీ వాళ్ళు తీసుకుపోయిన ఒక శిబిరంలో రాళ్ళెక్కడం నేర్చుకుంది. ఆ వేసవిలో ఒకరోజు అంగడికి వచ్చి నా ముందు నిలబడింది.

"నాన్నా, ఆదివారం ఉదయగిరి వస్తావా? తాడు పట్టేదానికి మనిషి కావాల."

"ఇంకెవురూ దొరకలేదా?"

"దొరికుంటే నిన్నెందుకు అడుగుతా?"

ఇద్దరం నవ్వాం. నవ్వి చాలాకాలమైందని నాకు అప్పుడే తెలిసింది.

మేడ మీద నీళ్ళ ట్యాంకు స్తంభానికి తాడు కట్టి నాకు పని నేర్పింది. ఎక్కేవాళ్ళ నడుము నుంచి తాడు పైకి పోయి, పైన కట్టిన కొక్కెంలోంచి కిందికి దిగి, నా నడుము బెల్టుకున్న చిన్న లోహపు పరికరంలోంచి వస్తుంది. ఆ వచ్చిన కొసను కుడిచేత్తో కిందికి అదిమి పట్టుకుంటే తాడు కదలదు. వదిలితే ఆపేది ఏదీ లేదు.

"ఎడం చేత్తో వీపు గోక్కో, ఏమన్నా చేసుకో. కుడి చెయ్యి మాత్రం చచ్చినా తియ్యొద్దు."

"మోటార్లు మోసేవాణ్ణి, నిన్ను మొయ్యలేనా?"

"మోసేది కాదు నాన్నా. పట్టుకోనుండేది. నీకు అదే కష్టం."

ఆ వేసవి ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. తెల్లవారకముందే బయలుదేరి, వింజమూరులో ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే ఉదయగిరి దుర్గం కొండ కిందికి చేరేవాళ్ళం. తను వెనకవైపు నుంచి బండ మీదికెక్కి తాడు కట్టి వచ్చేది. ఎక్కుతూ మాట్లాడేది. ఈ పగులు ఎలా వచ్చిందో, ఈ రాయి ఎందుకు ఎర్రగా ఉందో పైనుంచి కేకేసి చెప్పేది. నేను చదవనివ్వని చదువు అది. ఒక్కోసారి నాకు మెడ నొప్పి పుట్టేది కానీ తల దించేవాణ్ణి కాదు. కారులో తిరిగి వచ్చేటప్పుడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయేది.

ఇక నా తప్పు చెప్పాలంటే మా అంగడి అలవాటు ఒకటి చెప్పాలి. బోణీకి ఎడమ చెయ్యి చాపకూడదు. చిన్నప్పుడు నేను ఒకసారి చాపితే మా నాయన కొలబద్దతో కొట్టాడు. ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లలోనే గనక, పొద్దున్నే వచ్చే మొదటి ఫోను కూడా నాకు బోణీయే. దాన్ని కుడిచేత్తోనే తీస్తాను. ఆలోచించి చేసే పని కాదు.

ఫోను కారులో పెట్టి రమ్మని అమ్మాయి ప్రతి వారం చెప్పేది. ఆ ఆదివారం పెట్టానని చెప్పి జేబులో ఉంచుకున్నాను. ఆదివారమైనా మోటార్లు కాలతాయి. తను బండలో సగం పైన ఎక్కింది. "నాన్నా, టైటు చెయ్యి, కూర్చుంటున్నా" అంది. అంటే తన బరువంతా తాడు మీద వేస్తోంది. అదే సమయానికి ఫోను మోగింది. ఆ రోజుకు మొదటిది. నా కుడి చెయ్యి జేబులోకి పోయింది.

పైకి పోయే తాడు మీద ఊరికే ఆనించి ఉన్న ఎడమ అరచేతిలోంచి తాడు నిప్పులా జారింది. ఫోను పారేసి కుడిచేత్తో తాడు అందుకునేలోపే తను కింది బండ అంచుకు తగిలింది. చీలమండ విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

ఆ ఫోను కొండపురం నుంచి ఎవరో రైతుదని తర్వాత తెలిసింది. పైపుల ధర అడగడానికి చేశాడు.

ఉదయగిరి ఆసుపత్రిలో డాక్టరు ఎలా పడిందని అడిగితే, "కాలు జారింది" అన్నాను. స్ట్రెచర్ మీద అమ్మాయి నా వంక చూసింది. తర్వాత నా ఎడమ అరచెయ్యి చూసింది. తాడు పట్టడం తెలిసినవాళ్ళకు ఆ కాలిన గీత చాలు. కుడి చెయ్యి తాడు మీద ఉంటే ఎడమ చెయ్యి కాలదు.

నెల్లూరులో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇంటికి వచ్చాక, చూడవచ్చిన బంధువులందరి ముందూ నా భార్య దాని మీద విరుచుకుపడింది. "నీ పొగురుకు మీ నాన్న చెయ్యి చూడవే! తాడుతో పాటు ఆయన పైకి లేచిపోయుంటే నా గతేంది? చెప్పు, సారీ చెప్పు ఆయనకి."

అమ్మాయి మంచం మీద నుంచే, "సారీ నాన్నా" అంది.

నేను తల ఊపాను. తాడు వదిలింది ఒక్క క్షణం. తల ఊపింది తెలిసి చేసిన పని. ఏళ్ళ తరబడి అలా తల ఊపుతూనే వచ్చాను. తను చదువు ముగించి నెల్లూరులోనే ఉద్యోగంలో చేరింది. కాలు కొంచెం ఈడుస్తుంది. ఇంటికి వస్తే మళ్ళీ అమ్మతోనే మాటలు.

ఈ మధ్య ఒక ఆదివారం, అనుమసముద్రంపేట నుంచి వచ్చిన మా దూరపు బంధువు ఒకావిడకు నా భార్య ఆ కథంతా మళ్ళీ చెప్పింది. అమ్మాయి కంచం తీసుకుని లేచి వంటింట్లోకి పోయింది, గోడ పట్టుకుంటూ. ఆవిడ వెళ్ళిపోయాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఫోను సంగతి, చెయ్యి సంగతి, అన్నీ.

నా భార్య అమ్మాయి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"పైనుంచే వినపడింది ఫోను."

"నోరుండాది కదా, చెప్పి చావకూడదా? నా చేత అన్ని తిట్లు తినకపోతే!"

"నాన్న చెప్తాడనుకున్నా."

నావైపు చూడకుండా అంది. మళ్ళీ ఉదయగిరి పోదాం, ఈసారి ఫోను ఇంట్లో పెట్టి వస్తాను, అన్నాను. నా గొంతు నాకే సిగ్గుగా వినిపించింది.

"పోదాం. తాడు నువ్వు పట్టొద్దు. అమ్మ పట్టుకుంటాది."

"ఈ వయసులో నాకు ఇవన్నీ ఏందే!" అంది నా భార్య. కానీ మరుసటి వారానికి చుడీదారు కుట్టించుకుంది.

ఇప్పుడు వీలున్న ఆదివారాలు ముగ్గురం పోతాం. ఆ కాలితో తను పైదాకా పోలేకపోతోంది. నాలుగడుగులు ఎక్కి ఆగుతుంది, దిగుతుంది. నా భార్య రెప్ప వెయ్యకుండా తాడు పట్టుకుంటుంది. అమ్మాయి నాతో కారులో కూడా అవసరమైనంతే మాట్లాడుతుంది. సామాను మోసుకొచ్చి బండ దగ్గర దించి నేను దూరంగా నిలబడతాను. అక్కడినుంచి వాళ్ళ మాటలు వినపడవు.