ఒడ్డున మాట్లాడకూడదు

మోటారు పట్టుకుని ఆమె షాపుకొచ్చినవాడికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "కాలిందా, కాల్చావా?"

వాడు జవాబు చెప్పినా ఆమె వినదు. మూత విప్పి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఒకసారి వాసన చూసి తనే చెప్పేస్తుంది. లోపలికి నీళ్ళు దిగాయనో, బేరింగు పట్టేసినా ఆపకుండా నడిపారనో. ఆ చెప్పడంలో మర్యాద మందుకైనా ఉండదు. "ఇంట్లో మనుషుల్ని కూడా ఇలాగే వాడతావా నాయనా?" అని అడిగిన రోజులున్నాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆమె నోరు మారలేదు, ఊరే సర్దుకుంది. ఆమె కొత్తగా రాగితీగ చుట్టిన మోటారు అదే రోగంతో మళ్ళీ ఆ గడప ఎక్కదు మరి.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళికి ముందు ఫ్యాన్ల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలకు టేపు అంటించేది. తీగ చుట్టే బల్లల దగ్గరికి ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. చెత్తలో పడేసిన కాలిన తీగచుట్టలను ఇంటికి తెచ్చుకుని, పోగు పోగుగా విప్పి చూసింది. కాలినదాన్ని కోసి పారేయడం అందరూ చేసే పనే. విప్పితేనే తెలుస్తుంది, మొదట చుట్టినవాడు ఎక్కడ బద్ధకించాడో. అలా బద్ధకాలన్నీ చూసి చూసి, అవి లేకుండా చుట్టడం నేర్చుకుంది. రాగితీగ కోసిన గీతలు ఇప్పటికీ ఆమె వేళ్ళ మీద ఉన్నాయి. వార్నిష్ వాసన జుట్టులోంచి పోదు.

కింద షాపు, పైన ఇల్లు. ఇంట్లో ఆమె, భర్త, మరిది. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. తను నోరు తెరిస్తే అద్దం పగులుతుందన్నట్టు ఉంటాడు. అన్నదమ్ములిద్దరి వాటా మాటలూ తమ్ముడికే వచ్చాయి. ఆ తమ్ముడు ఒక కంపెనీలో సరుకు అమ్మేవాళ్ళకు శిక్షణ ఇస్తాడు. సరుకు తను అమ్మడు, తయారు చేయడు, మోయడు. ఎలా అమ్మాలో చెబుతాడు. మాటలు కోటలు దాటించేవాళ్ళను చాలామందిని చూశాం గానీ, దాటించడాన్నే ఉద్యోగం చేసుకున్నవాడు ఆ ఇంట్లో ఉన్నాడు.

పడవ ఆట ఆ ఇంట్లోకి తెచ్చింది కూడా అతనే. ఫోన్లో ఆడేది. ఐదుగురికి ఒక పడవ. ఒకరు చుక్కాని పట్టాలి, ఇద్దరు తెడ్లు వేయాలి, ఒకరు లోపలికొచ్చిన నీళ్ళు తోడాలి, ఒకరు బండలు తగిలి పడ్డ చిల్లులు పూడ్చాలి. ఎవరి చోట వాళ్ళు కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మాట్లాడుకుంటూ నది దాటాలి. మరిది చుక్కాని, భర్త ఒక తెడ్డు. రెండో తెడ్డు ఆసుపత్రి వార్డులో పనిచేసే నర్సుది, డ్యూటీ మధ్య విశ్రాంతి గదిలో కూర్చుని ఆడుతుంది. నీళ్ళు తోడేది ఒక బస్సు డ్రైవరు, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య డిపోలో. వాళ్ళిద్దరినీ ఈ ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. చిల్లులు పూడ్చడం ఆమె పని. మరిది పిలిచినట్టే అందరూ ఆమెను వదిన అన్నారు.

సాయంత్రం టీ వేళకు ఓ అరగంట. రోజంతా ఆమె ఎదురుగా ఉండేవి కాలిన ఇనుము, కాల్చి తెచ్చిన మనుషులు. తిట్టకుండా మాట్లాడేది ఆ అరగంటే. "వదినా, నా కాళ్ళకింద చిల్లు!" అని డ్రైవరు అరిస్తే, "కాళ్ళు తియ్యి అన్నయ్యా, నిన్నూ కలిపి పూడ్చేస్తా," అనేది. అందులో కోపం ఉండేది కాదు. షాపులో ఆ గొంతు ఎవరూ విని ఉండరు.

అందరూ పనులున్నవాళ్ళే. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరికి ఏ పని తగిలినా "ఒడ్డు" అంటారు. వెంటనే పడవను ఒడ్డుకు లాగి ఆగిపోవాలి. ఎందుకని అడగకూడదు. లేచినవాళ్ళు తిరిగొచ్చేదాకా ఒక్కరూ నోరెత్తకూడదు. ఈ చివరి నియమం పెట్టింది వదినే. ఒకసారి నర్సు ఫోను జేబులో వేసుకుని రోగి మంచం దగ్గరికి పరిగెత్తింది. ఇయర్‌ఫోన్ తీగ ఊడిపోయింది. డ్రైవరు చెప్పిన మొరటు జోకు వార్డంతా వింది. నర్సుకు పెద్ద సిస్టరు చేత అక్షింతలు పడ్డాయి. ఆ రోజే వదిన తేల్చేసింది. "పడవ ఒడ్డున ఉంటే నోళ్ళు కూడా ఒడ్డునే. ఎవరైనా కిక్కురుమన్నారో, చూడండి మరి." ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనలేదు.

ఇలా నడుస్తుండగా ఎవరో పడవల పోటీ ప్రకటించారు. మరిదికి పూనకం వచ్చింది. ఆటలోకి లక్ష్యాలు వచ్చాయి, వారం వారం సమీక్ష వచ్చింది. "ఒడ్డు" అనడం తగ్గించాలన్నాడు. అందరికన్నా ఎక్కువ ఒడ్డు అనేది వదిన. షాపు తెరిచి ఉంటే గిరాకీ రాకుండా ఉంటుందా?

"వదినా, ఆ అరగంట షట్టరు దించలేవా?"

"దించుతా. నువ్వు నోరు దించు, నేను షట్టరు దించుతా."

మరిది నవ్వాడు. అమ్మకాలవాడి నవ్వు, తలుపు వేసిన ఇంటి ముందు నవ్వేది.

ఒక సాయంత్రం లాండ్రీ అతను ఉతికే మిషను మోటారు కోసం వచ్చాడు. వదిన "ఒడ్డు" అంది, ఇయర్‌ఫోన్ బల్ల మీద పెట్టి లేచింది. మోటారుకు కరెంటు పెట్టి, అది తిరిగే చప్పుడు వింటూ నిలబడింది. అప్పుడు ఆ నిశ్శబ్దంలో మరిది గొంతు వినిపించింది. ఆమెకు కాదు, మిగతా ముగ్గురికి.

"ఒక్క మాట, ఫ్రెండ్స్. వదినంటే నాకు ఎంత గౌరవమో మీకు తెలుసు. కానీ పోటీలో గౌరవంతో గెలవం. తన చోట్లోకి మా ఆఫీసు మిత్రుణ్ణి తీసుకుందాం అనుకుంటున్నా. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి."

పడవ ఒడ్డున ఉంది. ఎవరూ మాట్లాడలేదు.

"ఏకగ్రీవం. థాంక్యూ."

లాండ్రీ అతన్ని పంపించి వదిన తిరిగొచ్చేసరికి ఫోను మీద ఒక వాక్యం ఉంది: ఈ పడవలో మీకు చోటు లేదు.

ఫోను చెడిందనుకుంది. ఆపి, మళ్ళీ పెట్టి చూసింది. భర్త ఇంటికి రాగానే మెట్ల దగ్గరే నిలదీసింది.

"నన్ను తీసేశారా?"

"తమ్ముడు అందర్నీ అడిగాడు, తీసేద్దామా అని."

"మీరేమన్నారు?"

"నేనేమీ అనలేదు."

ఆమె విసురుగా షాపులోకి తిరిగింది. అతను ఏదో చెప్పబోయాడు. వార్నిష్ డబ్బా మూత సుత్తితో కొట్టి బిగించింది. ఆ చప్పుడులో అతని మాట మునిగిపోయింది. అలాంటి మనిషి ఒకసారి మొదలుపెట్టడమే గొప్ప. రెండోసారి ఎక్కడ మొదలుపెడతాడు?

తర్వాతి రోజుల్లో ఆ షాపుకు వెళ్ళినవాళ్ళు పాపం చేసుకున్నవాళ్ళే. నీళ్ళ మోటారు తెచ్చిన ఒక ముసలాయన, "అమ్మా, కాస్త తొందరగా..." అన్నందుకు, "తొందరపడే కదా కాల్చావు," అని మోటారు అతని ఒళ్ళో పెట్టి పంపేసింది. ఇంట్లో మొగుడితో మాటలు బంద్. పని మాత్రం తప్పలేదు. చుట్టలు ఎప్పటిలాగే బిగువుగా, వరసగా వచ్చాయి. కానీ టీ వేళకు ఆమె చేతులు ఆగిపోయేవి. డ్రైవరు, నర్సు, మొగుడు, ముగ్గురికి ముగ్గురూ తను వద్దనుకున్నారు. గిరాకీ తనను వద్దనుకుంటే ఆమెకు పట్టదు. వాళ్ళు వద్దనుకున్నారన్నది మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఒక రాత్రి భోజనాల దగ్గర మరిదే ఆ మాట ఎత్తాడు. గెలిచినవాడు ఊరుకోడు కదా.

"ఇంకా అలకేనా వదినా? నేనొక్కణ్ణే నిర్ణయం తీసుకుని ఉంటే అను. అందర్నీ అడిగాను. ఒక్కరూ నోరు మెదపలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు."

"అర్ధమే కదా. మిగతా సగం ఎవరిచ్చారు?"

"అబ్బ, మాటకు మాట! చెబుతున్నా కదా, నువ్వు లాండ్రీ ఆయనతో ఉన్నావు, నేను పద్ధతిగా..."

వదిన చేతిలో గరిటె ఆగింది. "అడిగినప్పుడు పడవ ఎక్కడుంది?"

మరిది నీళ్ళ గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. చాలాసేపు తాగాడు.

"ఒడ్డున," అన్నాడు భర్త, కంచంలోకి చూస్తూ.

వదిన అతని వైపు తిరిగింది. "అందుకని మాట్లాడలేదా?"

"మాట్లాడకూడదు కదా. నువ్వే పెట్టావు."

"నీ పెళ్ళాన్ని పడవలోంచి తోసేస్తుంటే కూడానా?" కోపంలో 'మీరు' ఎగిరిపోయింది.

"పడవ కదిలాక ఎవరైనా అంటారనుకున్నా. ఎవరూ అనలేదు. అందరికీ ఇష్టమేనేమో అనుకున్నా. నీకు చెబుదామనుకున్నా, నువ్వు డబ్బా మూత కొట్టావు."

"ఇల్లు తగలబడితే? అప్పుడు కూడా పడవ కదిలేదాకా చూస్తావా?"

అతను నిజంగానే ఆలోచించాడు. అది చూసి ఆమెకు ఇంకా మండిపోయింది.

"నియమం నియమమే కదా వదినా," అన్నాడు మరిది, గ్లాసు దించి. "నేనెవరి నోరూ నొక్కలేదు."

"నొక్కలేదు నాయనా. నొక్కి ఉన్నప్పుడు చూసి అడిగావు. నువ్వు అమ్మకాలు నేర్పేది ఇలాగేనా? కొనేవాడు నిద్రపోతుంటే బేరం కుదిరిందని రాసుకుంటారా?"

మర్నాడు భర్త పనికి వెళ్తుంటే చెయ్యి చాపింది. అతను అడక్కుండా ఫోను ఇచ్చేశాడు. టీ వేళకు ఆ ఫోనుతో అతని చోట్లో కూర్చుంది. పైన గదిలోంచి మరిది నది మధ్యలో ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆఫీసు మిత్రుడు చిల్లు ఒకవైపు పూడుస్తుంటే ఇంకోవైపు తెరుచుకుంటోంది. ఆమె చేతులు దురదపెట్టాయి. ఇంతలో నర్సు "ఒడ్డు" అంది. పడవ ఆగింది. అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

వదిన ఆగింది. నర్సు తిరిగొచ్చి, "పదండి" అనేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. మోసం చేసినవాడు నియమం తప్పాడని తను కూడా తప్పుతుందా? తెడ్డు నీళ్ళలో పడ్డాక నోరు తెరిచింది.

"నేను. మీ తెడ్డు మనిషిని కాదు, వాళ్ళావిణ్ణి."

"వదినా!" అని డ్రైవరు, నర్సు ఒక్కసారే అరిచారు.

"ఆ కేకలు ఆ రోజు ఏ గంగలో కలిశాయి? నన్ను దింపేస్తుంటే ఎవరికీ నోరు రాలేదా?"

"పడవ ఒడ్డున..." డ్రైవరు మొదలుపెట్టాడు.

"తెలుసు. కదిలాక?"

"మీ ఆయనే ఊరుకున్నాడు, మీ మరిదే అడుగుతున్నాడు. ఇంటి సంగతి, మధ్యలో మేమెవరం అనుకున్నాం."

"మరునాడు మీ మరిది, షాపులో పని ఎక్కువై నువ్వే తప్పుకున్నావన్నాడు వదినా," అంది నర్సు. "ఎందుకని అడగకూడదు కదా మనం. నాకు రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది."

"మర్యాదస్తులు! మీ మర్యాదకు దండం పెట్టాలి. మనిషి మునిగిపోతుంటే, ఎందుకు మునుగుతున్నావని అడిగితే బాగుండదని చూస్తూ కూర్చునే రకం."

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఈసారి నియమం కోసం కాదు.

"ఫ్రెండ్స్, ఫోకస్," అన్నాడు మరిది. "వ్యక్తిగత విషయాలు తర్వాత. బండ వస్తోంది."

"రానీ," అన్నాడు డ్రైవరు. తోడే గిన్నె వదిలేసి పడవ దిగిపోయాడు. నర్సు తెడ్డు పడేసింది. వదిన వాళ్ళిద్దరి తర్వాత దిగింది. దిగేముందు ఆఫీసు మిత్రుడికి మాత్రం చెప్పింది. "నీ తప్పేం లేదు బాబూ. చిల్లు పూడ్చేటప్పుడు నీళ్ళవైపు కాదు, చెక్కవైపు చూడు." అతను చూసేలోపే బండ తగిలింది.

ఆ వారంలోనే వదిన కొత్త పడవ కట్టింది. డ్రైవరుకు చుక్కాని ఇచ్చింది. నర్సుకు తెడ్డు. భర్తకు రెండో తెడ్డుతో పాటు ఒక శిక్ష: ముందు బండ కనిపిస్తే గట్టిగా అరవాలి. ఒక సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాల వెనకనుంచి "ఎడమ! ఎడమ!" అని కేక వినపడి, అక్షరాల పలక చదువుతున్న పెద్దావిడ ఎడమకన్ను మూసుకుందట.

అలాగని అందరితో ఆమె మునుపటిలా అయిపోలేదు. డ్రైవరు జోకు వేస్తే ఇప్పుడు వెంటనే నవ్వదు, కాస్త ఆగి, నవ్వాలా వద్దా అని తూచి నవ్వుతుంది. మరిది పాత పడవ పోటీ దాకా వెళ్ళనే లేదు.

మొన్న అతను మెట్లు దిగి షాపు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఒక చేత్తో ఫోను పట్టుకుని ఉంది. బల్ల మీద వార్నిష్ ఆరుతోంది.

"వదినా, ఐదో చోటు ఖాళీగానే ఉందట కదా."

"ఉంది."

"తోడేవాళ్ళు లేకపోతే కష్టం కదా మరి?"

"కష్టమే."

అతను ఇంకా ఏదో చెప్పాడు. కలిసి పనిచేయడం గురించి, ముందుకు సాగడం గురించి, బాగానే చెప్పాడు. ఆమె తలెత్తలేదు. పడవలో నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. చిల్లు పూడ్చి, గిన్నె అందుకుని, తనే తోడటం మొదలుపెట్టింది.