మొదటి కర్ర నేనే కొట్టాను

నా పేరు పోలమ్మ. వయసు అరవై మూడో నాలుగో. తడకు తూర్పున, పులికాట్ ఒడ్డు పల్లె మాది. ఇంట్లో నేనూ, పక్షవాతంతో పడిన మా ఆయనా, ఇద్దరమే. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా ఊరి అంగన్‌వాడీ టీచరు రాస్తోంది. మా మేస్త్రి చచ్చిపోయి ఈరోజుకు తొమ్మిది రోజులు. మేము కడుతున్న ఫ్యాక్టరీ క్యాంటీను స్లాబు కూలి ఆయన మీద పడింది. మేస్త్రి కూలీలను కనిపెట్టుకోలేదు కాబట్టే కూలిందని కంపెనీవాళ్లు గేటుకు కాగితం అంటించారు. అది అబద్ధం. రేపు పెద్దకర్మకు వచ్చే పనివాళ్లందరి ముందూ నా మాట చదవాలి.

మేస్త్రి మెత్తనివాడని నేను చెప్పను. నోరు చెడ్డది, చెయ్యి దురుసు. నడుముకు బెల్టు కట్టకుండా పైకెక్కిన ఒకణ్ణి కాలు పట్టి ఈడ్చి, చెంపలు రెండూ వాయించాడు. “నువ్వు పడి చస్తే నీ పెండ్లానికి నేనేం చెప్పేది రా?” అన్నాడు. వాడు ముక్కు తుడుచుకుంటూ కూర్చుంటే తన క్యారియరు తెచ్చి వాడి ముందు పెట్టి, తాను నిలబడే నీళ్లు తాగి పనిలోకి పోయాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరం కూర్చున్నామా లేదా అని ఒక్కొక్కరి భుజం తట్టి లెక్క చూసుకునేవాడు. ఒక భుజం తక్కువైతే అన్నం ముట్టేవాడు కాదు.

పులికాట్‌లో చేపలు తగ్గాక నేను కంకర తట్ట మోయడానికి వచ్చాను. ఆరేళ్లు మోశాను. పోసిన స్లాబు గట్టిపడేదాకా కింద ఆసరాగా నిలబెట్టిన సరుగుడు కర్రలు ఊడదీసే పనికి నన్ను పెట్టి, నా చేతికి సుత్తి ఇచ్చింది ఆయనే. మగవాళ్లు నవ్వారు. “నవ్వినోడు వొచ్చి ఆమె తట్ట మొయ్యండి, చూస్తా” అన్నాడు. ఎవరూ రాలేదు.

ఆ పనిలో ఆయనకు ఒక పట్టు ఉండేది. ఎవరు ఊడదీసినా, మొదటి కర్ర ఆయన కళ్ల ముందే కొట్టాలి. కొత్తవాడైనా సరే, జుట్టు నెరిసినవాడైనా సరే. ఇంజనీరు ఆయన్ను ఎగతాళి చేసేవాడు. “కొత్తోళ్ల దగ్గర నిలబడవయ్యా. తెలిసినోళ్లకు కాపలా ఏంది, టైము దండగ” అనేవాడు. మేస్త్రి మాత్రం, “కొత్తోడికి భయమే కాపలా సార్. పాతోడికి ఆ భయం పోయుంటాది. ఈళ్లనే చూసుకోవాల” అనేవాడు.

ఆ మాట నాకు ఒళ్లు మండించేది. ఇన్నేళ్లు చేసినదాన్ని, నా నెత్తిన నిలబడితే నాకు సిగ్గు కాదా? ఒకసారి సుత్తి ఆయన కాళ్ల ముందు విసిరికొట్టాను. “నేనేమన్నా దొంగనా, ఇట్టా కాపలా కాస్తుండావు?” అన్నాను. ఆయన సుత్తి తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. “దొంగైతే ఇంత భయం లేదక్కా. నీకు పని బాగా వొచ్చు, అదే నా భయం” అన్నాడు. నేను ఉమ్మేసి పనిలోకి పోయాను.

ఆ క్యాంటీను స్లాబు ఒక్క రోజులో పోసింది కాదు. సగం పోశాక వాన పట్టుకుంది. మిగతా సగం నాలుగు రోజుల తర్వాత పోశారు. పైనుంచి చూస్తే అతుకు కనబడుతుంది. కింద రేకులు బిగించి ఉంటే అతుకు కనబడదు, అంతా ఒకటే. ఆ పొద్దున ఇంజనీరు మేస్త్రిని గోడ పనికి వచ్చిన కొత్తవాళ్ల దగ్గరికి పొమ్మన్నాడు. మేస్త్రి కదల్లేదు. నా దిక్కు చూశాడు. అప్పుడు నేనే నోరు తెరిచాను.

“పో మేస్త్రీ. నువ్వు లేకుంటే నాకు చేతులు పడిపోతాయా?”

“పచ్చి ఏదో, ఎండింది ఏదో తెలుసునా అక్కా?”

“నీకంటే ముందు తెలుసు. పో.”

పోయాడు. నేను రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మొదట పోసిన సగానికి పెట్టిన లెక్క అది. నేను నిలబడింది రెండో సగం కింద. చూడలేదు. అడగలేదు. మొదటి కర్ర కొట్టాను. ఇంకో మూడు కొట్టాను. అయిదోది సుత్తి తగలకముందే వంగింది. నెత్తిన ఎముక విరిగినట్టు చప్పుడైంది. ఆయన గోడ దగ్గర నుంచి ఎట్లా వచ్చాడో నేను చూడలేదు. నా జుట్టు ఆయన పిడికిట్లో ఉంది. నడుము మీద ఒక్క తన్ను తన్నాడు. నేను ఇసుక కుప్పలో బోర్లా పడ్డాను. తిరిగి చూస్తే ఆయన ఉన్న చోట కాంక్రీటూ, కడ్డీలూ, దుమ్మూ. గడ్డపారలతో తవ్వాము. గోళ్లతో తవ్వాము. తల దొరికేసరికి మధ్యాహ్నం గంట కొట్టారు.

మూడో రోజు ఇంజనీరు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మేస్త్రి మమ్మల్ని వదిలేసి పోయాడని అందులో ఉందట. “వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా, నీ మీదికి ఏమీ రాదు” అన్నాడు. సిరా డబ్బా ఎత్తి వాడి మొహాన కొట్టాను. మంచంలోంచి మా ఆయన, “ఇంకోటి కొట్టవే” అన్నాడు.

పొమ్మన్నది ఇంజనీరు. పొమ్మని ఎగదోసింది నేను. చూడకుండా కొట్టింది నేను. కనిపెట్టుకోనివాడు అని ఆయన పేరు మీద రాసే హక్కు ఎవడికీ లేదు. పోలీసులు వస్తే రానీ, నేను ఇంట్లోనే ఉంటాను.

ఈ మాట అందరికంటే ముందు మేస్త్రి భార్యకు చెప్పాను, నిన్న, వాళ్ల గుమ్మంలో. ఆమె పూర్తిగా వినింది. విని లేచి కొట్టింది. ఒక చేత్తో జుట్టు పట్టుకుని ఇంకో చేత్తో కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. రేపు పెద్దకర్మలో పగలగొట్టాల్సిన గాజులు నా చెంప మీదే పగిలాయి. చేతులు నొప్పి పుట్టాక ఆగి, రెక్క పట్టి నన్ను వెలుతురులోకి లాగింది. నా గడ్డం పైకెత్తి, చెంపలో దిగిన పచ్చగాజు పెంకులు గోటితో ఒక్కొక్కటే తీసి తన కొంగులో వేసుకుంటూ కూర్చుంది.

ఇది పోలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

చదివి వినిపించగా విన్న సాక్షులు:
సుబ్బరత్నం, అంగన్‌వాడీ టీచరు
మస్తానయ్య, సెంట్రింగ్ కూలీ
రమణమ్మ, మేస్త్రి భార్య