పేర్లు తీసేసిన వ్యాసం

అక్క చనిపోయిన రెండో ఏడు, ఒక పరిశోధన పత్రిక వాళ్లు నాకో వ్యాసం పంపి, అచ్చుకు పనికొస్తుందో లేదో చదివి చెప్పమన్నారు. పద్ధతి ప్రకారం రాసినవాళ్ల పేర్లు తీసేశారు. చదివేది నేనని వాళ్లకూ తెలియదు.

మామిడిలో పిందె రాలడం గురించిన వ్యాసం అది. అందులో ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. కొమ్మకు ఎర్రటి చీర పీలిక కట్టి ఉంది.

అది అక్క కట్టిందే. తిరుపతిలో మేం పాఠాలు చెప్పే వ్యవసాయ కాలేజీలో నాకంటే సీనియర్. సొంత అక్క కాదు, అలా పిలిచేదాన్ని. పూతలపట్టు దగ్గర తన పరిశోధన తోటలో, పిందెలు లెక్కపెట్టే కొమ్మలకు గుర్తుగా కట్టడానికి రిబ్బన్లు చాలకపోతే, మర్నాడు ఇంటి నుంచి చీర తెచ్చింది. "పాతదేలే మే, సించు" అంది. చించింది నేనే.

మొదట సంతోషం వేసింది. ఎవరో ఆమె పని పూర్తిచేసి, ఆమె పేరుతోనే పంపారనుకున్నాను. రచయితల్లో ఆమె పేరుందా, అంతమాత్రం చెప్పండని సంపాదకుడికి రాశాను. నాకు చెప్పడానికి నియమం ఒప్పుకోదనీ, రచయితలనే అడుగుతాననీ జవాబిచ్చారు. వారం తిరక్కుండా మరో కబురు: రచయితలు వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, మీరిక చదవనక్కర్లేదు.

ఆ ఆదివారం తిరుచానూరులో అక్క భర్త దగ్గరికి వెళ్లాను.

"బావా, అక్క కంప్యూటర్ యాడుండాది?"

"అప్పుడే ఇచ్చేస్తి గదమ్మా. మీ కాలేజీవాళ్లే ముగ్గురొచ్చినారు. ఆమె కష్టం వృథా కాకూడదని తీసుకోనిపోయినారు. పాపం, కర్మంతరానికి గూడా వచ్చినారే. ఏం, అచ్చయినాదా?"

"ఇంకా లేదు బావా."

"అయితే నాకొకటి తెచ్చియ్యమ్మా. ఆమె పేరుండే పేజీ ఒకటి సాలు."

ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ఒకరు కంప్యూటర్ చెడిపోయిందన్నారు. ఇంకొకరు తాము తెరవనే లేదన్నారు. మూడో ఆయన, ఏ వ్యాసం మేడమ్ అని నన్నే ఎదురడిగాడు. పేర్లు లేని ఆ వ్యాసం తప్ప చేతిలో రుజువు లేదు. ఆ వ్యాసం వేరే పత్రికలో, వేరే ఫోటోతో, ఎప్పుడైనా రావచ్చు. కొత్త సంచిక ఏది వచ్చినా ముందు మామిడి కోసమే వెతుకుతున్నాను.

మొన్న టీ తాగుతుంటే ఆ ముగ్గురిలో ఒకరు అక్కను తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. అవి నిజమైన కన్నీళ్లే. నాకు ఎటు చూడాలో తెలియలేదు.